రైతు తల్లిదండ్రులకు కాన్సాస్ పల్లెలు చూపించండి

సంపాదకుడు గారికి,
నమస్కారం.

అమెరికాలో ఉంటున్న పిల్లల దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు చూడదగిన ప్రదేశాల గురించి ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. నయాగరా జలపాతం, న్యూయార్క్‌లోని స్వేచ్ఛా ప్రతిమ, గ్రాండ్ కాన్యన్, పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి ఆలయం, ఫ్లోరిడాలోని వినోద కేంద్రాలు అందులో వరుసగా ఉన్నాయి. అవి చూడవద్దని ఎవరూ అనరు. మా పెద్దవాళ్లకు మేమూ వాటిలో కొన్ని చూపించాం. కానీ అనంతపురం, మహబూబ్‌నగర్, ప్రకాశం వంటి జిల్లాల నుంచి వచ్చే తల్లిదండ్రుల్లో ఎంతోమంది బతుకంతా సేద్యంలో గడిపినవారు. కారు లేకుండా అడుగు బయటపెట్టలేని కాలనీల్లో, పలకరించే మనిషి లేక, ఆరు నెలల వీసా గడువు ఎప్పుడు తీరుతుందా అని ఎదురుచూసే ఆ పెద్దలకు మాట కలిసే మనుషులు ఈ దేశంలో లేకపోలేదు. దేశం నడిమధ్యన, గడ్డి మైదానాల మీద, మూడు నాలుగు వందల గడప కూడా లేని చిన్న ఊళ్లలో వాళ్లున్నారు. ఆ ఊళ్ల గురించి మన పత్రికలు రాయాలని, మన కుటుంబాలు ఆ దారిన ఒక్కసారైనా వెళ్లాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మేము కాన్సాస్ రాష్ట్రపు తూర్పు అంచున, కాన్సాస్ సిటీని ఆనుకుని ఉన్న ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో ఉంటున్నాం. ఇక్కడి తెలుగు కుటుంబాలు సెలవులకు పడమటి వైపు బయల్దేరితే ఐ-70 రహదారి ఎక్కి, పెట్రోలుకు తప్ప ఎక్కడా ఆగకుండా డెన్వర్ చేరుకుంటాయి. దారిలో చూడడానికేముంది, గడ్డి తప్ప అన్నది అందరి నోటా వినిపించే మాట. కిందటి అక్టోబరులో అమ్మానాన్నలు మా దగ్గర ఉన్నప్పుడు, పిల్లలను కూడా వెంటబెట్టుకుని, ఆ పెద్ద రోడ్డును వదిలేసి, 50వ నంబరు రహదారి మీద పడమటికి వెళ్లి, 24వ నంబరు రహదారి మీద తూర్పుకు తిరిగి వచ్చాం. నాన్న కళ్యాణదుర్గం ప్రాంతంలో మెట్ట రైతు. వేరుశనగ, జొన్న, కంది వేసి, అప్పు చేసి ఒకదాని తర్వాత ఒకటిగా బోర్లు వేయించి, వాటిలో చాలావాటిని తన కళ్లముందే ఎండిపోగా చూసినవారు. ఆయన పక్కన కూర్చుని ఆ దారంతా చూడడం వల్లనే, ఇంతకాలం మా ఇంటి పక్కనే ఉన్న ఆ నేల నాకు అర్థమైంది.

మొదట ఆగింది చేజ్ కౌంటీలో; కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఇక్కడి ఫ్లింట్ హిల్స్ గుట్టల్లో సున్నపురాయి, దాని పొరల మధ్య చెకుముకి రాయి నేలకు బాగా దగ్గరగా ఉంటాయి. ఆ రాళ్ల పుణ్యమా అని ఇక్కడ నాగలి దిగలేదు. ఒకప్పుడు ఉత్తర అమెరికాలో 17 కోట్ల ఎకరాల మేర విస్తరించిన, ప్రెయిరీ అనే ఎత్తుగడ్డి మైదానంలో ఇప్పుడు మిగిలింది నాలుగు శాతం లోపే. అందులోనూ ఎక్కువ భాగం ఈ గుట్టల మీదే ఉంది. స్ట్రాంగ్ సిటీ అనే చిన్న ఊరి పక్కన 1996లో దాదాపు 11 వేల ఎకరాలను జాతీయ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్టోబరులో బిగ్ బ్లూస్టెమ్ గడ్డి మనిషెత్తు పెరిగి రాగి రంగుకు తిరుగుతుంది. ఇది జొన్న, చెరకు కుటుంబానికే చెందిన గడ్డి; దీని వేళ్లు భూమిలోకి పదడుగుల దాకా దిగుతాయి. నాన్న ఒక కంకిని రెండు వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, ఇంత గడ్డి ఉన్న నేలలో కరువొచ్చినా పశువు బతుకుతుందని అన్నారు. ప్రతి వసంతంలో పశువుల కాపరులు ఈ గుట్టలకు నిప్పు పెడతారని, అలా చేయకపోతే కొన్నేళ్లలో చెట్లూ పొదలూ గడ్డిని మింగేస్తాయని అక్కడి ఉద్యోగి చెబితే ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. మా వైపు కొండల మీద బోద గడ్డికి నిప్పు పెట్టి, కొత్త చిగురు మేపుకునే పద్ధతి ఆయన చిన్ననాటి నుంచి ఎరిగినదే. పక్కనే ఉన్న కాటన్‌వుడ్ ఫాల్స్‌లో ఇటుకలు పరిచిన పెద్ద వీధి చివర 1873లో సున్నపురాయితో కట్టిన కోర్టు భవనం ఉంది. నేటికీ అందులో కౌంటీ వ్యవహారాలు జరుగుతున్నాయి. అదే 1873లో, ఈ రాష్ట్రానికి పేరునిచ్చిన కాన్సా జాతి ప్రజలను ఇక్కడికి కొద్ది దూరంలోని కౌన్సిల్ గ్రోవ్ పరిసరాల నుంచి ఓక్లహామాకు తరలించారు. మా పిల్లలు ఈ రెండు సంగతులనూ ఒకే రోజున తెలుసుకున్నారు. తెలుసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

అక్కడి నుంచి పడమటికి గోధుమ నేలలు మొదలవుతాయి. అక్టోబరులో అవి అప్పుడే మొలకెత్తి పచ్చగా ఉంటాయి. 1874లో రష్యా సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన మెనోనైట్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలు తమతో తెచ్చుకున్న టర్కీ రెడ్ అనే చలికాలపు గోధుమ ఈ రాష్ట్రం జాతకాన్నే మార్చింది. దారి పొడవునా ప్రతి ఊరికీ రైలు పట్టాల పక్కన ఆకాశంలోకి లేచిన తెల్లటి ధాన్యం ఎలివేటర్లే, అంటే గింజలు నిల్వచేసే గోదాములే గుర్తు. ఊరు కనిపించడానికి చాలాముందే అవి కనిపిస్తాయి. ఒక ఊళ్లో అలాంటి ఎలివేటరు నీడన కారు ఆపినప్పుడు, 1960లలో తమ ఊరి బడిలో పెట్టిన అమెరికా గోధుమరవ్వ ఉప్మా గురించి నాన్న పిల్లలకు చెప్పారు. పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయపు ఒప్పందం కింద ఓడలకెక్కిన గోధుమ ఈ మైదానాలదేనని తెలిశాక ఆయన ఆ ఎలివేటరు చుట్టూ ఒకసారి నడిచి వచ్చారు. తన తాతకు బడిలో అన్నం పెట్టిన ఊళ్లు ఇవా అని మా చిన్నవాడు అడిగాడు.

50వ నంబరు రహదారి నుంచి కొంచెం పక్కకు తిరిగి వెళ్లి చూసిన గ్రీన్స్‌బర్గ్ అనే ఊరి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 1887లో, ఊరు పుట్టిన తొలినాళ్లలో, రైలింజన్లకూ ఊరి జనానికీ నీళ్ల కోసం ఇక్కడొక బావి తవ్వడం మొదలుపెట్టి, మరుసటి ఏడాది పూర్తి చేశారు. పలుగూ పారా గిలకలతో మనుషులు తవ్విన ఆ బావి వెడల్పు 32 అడుగులు, లోతు 109 అడుగులు. లోపల చుట్టూ రాతి కట్టుబడి ఉంది. 1932 దాకా ఊరంతా ఆ నీళ్లే తాగింది. ఇప్పుడది మ్యూజియం, మెట్లు దిగి కొంత లోతుకు వెళ్లి చూడవచ్చు. మోకాళ్ల నొప్పులున్న నాన్న ఎవరు వద్దన్నా వినకుండా ఆ మెట్లు దిగారు. కట్టుబడి రాళ్ల మధ్య సందుల్లో వేలు పెట్టి చూశారు. తన తండ్రి రోజుల్లో కపిల తోలిన బావి ఎంత లోతుండేదో, పూడిక తీసేటప్పుడు మనుషులు ఎలా దిగేవారో, ఒక ఏడాది ఒడ్డు విరిగిపడి ఎవరికి ఏమైందో ఆయన మెట్ల మీద నిలబడి చెబుతుంటే, మ్యూజియం చూసుకునే పెద్దావిడ నన్ను ప్రతి మాటా అనువదించమని కోరింది.

ఈ ఊరికే 2007 మే 4వ తేదీ రాత్రి టోర్నడో వచ్చింది. ఊళ్లో 95 శాతం కట్టడాలు నేలమట్టమయ్యాయి. పదకొండు మంది చనిపోయారు. ఊరిని వదిలేసి ఎవరి దారి వారు చూసుకోవాలని చాలామంది అనుకున్న సమయంలో, మిగిలినవారు గుడారాల్లో సమావేశాలు పెట్టుకుని, ఊరిని మళ్లీ కట్టుకోవాలని, కడితే తక్కువ కరెంటు, తక్కువ నీరు వాడే భవనాలే కట్టాలని నిర్ణయించుకున్నారు. ఆస్పత్రి, బడి, పురపాలక కార్యాలయం ఆ ప్రకారమే లేచాయి. ఊరి బయట గాలిమరలు తిరుగుతున్నాయి. జనాభా మాత్రం టోర్నడోకు ముందున్న దానిలో సుమారు సగమే. తుపాను తర్వాత ఊరిని తిరిగి కట్టుకోవడం మన కోస్తా పల్లెలకు కొత్త కాదు గనుక, ఈ ఊరి గురించి మీ విలేకరులు ఎవరైనా రాస్తే దివిసీమ నుంచి ఉద్దానం దాకా శ్రద్ధగా చదివేవారుంటారు.

ఇంకా పడమటికి వెళ్తే డాడ్జ్ సిటీ, గార్డెన్ సిటీ వస్తాయి. ఇక్కడ ఆర్కన్సాస్ నది పటంలో నీలి గీతగా ఉంటుంది గానీ, వంతెన మీద నిలబడి చూస్తే చాలా ఏళ్లు ఇసుక తప్ప నీళ్లు కనిపించవు. ఎగువన కొలరాడో రాష్ట్రం కాలువలకు మళ్లించడం, దిగువన బోర్లతో తోడేయడం కలిసి నదిని ఎండబెట్టాయి. దీని మీద కాన్సాస్, కొలరాడో రాష్ట్రాల వ్యాజ్యం 20వ శతాబ్దం ఆరంభంలోనే సుప్రీంకోర్టుకెక్కింది. 1907లో ఒక తీర్పు, 1948లో ఒక ఒప్పందం, మళ్లీ వ్యాజ్యం, చివరకు 2005లో కొలరాడో మూడు కోట్ల డాలర్లకు పైగా పరిహారం చెల్లించడం జరిగాయి. కృష్ణా జలాల మీద ట్రిబ్యునళ్ల తీర్పులు చదివి చదివి అలసిన మన పాఠకులకు ఈ కథ వేరే వివరించనక్కర లేదు. నాన్న వంతెన మీద నుంచి ఇసుకను చూసి, చిత్రావతి ఇక్కడికి కూడా వచ్చిందా అని మాత్రం అన్నారు. గార్డెన్ సిటీ మాంసం కర్మాగారాల్లో పనిచేయడానికి మెక్సికో, వియత్నాం, సోమాలియా, మరెన్నో దేశాల నుంచి వచ్చినవారున్నారు. శాకాహారి అయిన అమ్మకు ఈ ప్రయాణంలో తిండి ఇబ్బంది తీరింది ఈ ఊళ్లోనే. మెక్సికో వారి కిరాణా కొట్టులో పచ్చిమిరపకాయలు, కొత్తిమీర, చింతపండు, మొక్కజొన్న రొట్టెలు దొరికాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. కాన్సాస్ పడమటి భాగంలో ఏడాదికి కురిసే వాన సుమారు 18 నుంచి 20 అంగుళాలు, అంటే అనంతపురం జిల్లా సగటు కంటే కూడా తక్కువ. అయినా అక్కడ వందల మైళ్ల మేర మొక్కజొన్న పండుతోందంటే కారణం ఒగల్లాలా అనే భూగర్భ జలాశయం. ఎనిమిది రాష్ట్రాల కింద, దాదాపు 1,74,000 చదరపు మైళ్ల మేర ఇది పరుచుకుని ఉంది. 1950ల నుంచి పెద్ద మోటార్లు, ఆ తర్వాత వృత్తాకారంలో తిరుగుతూ నీళ్లు చల్లే సెంటర్ పివట్ యంత్రాలు వచ్చి, 160 ఎకరాల చదరంలో 125 ఎకరాల పైచిలుకు వృత్తాన్ని ఒకే బోరుతో తడపసాగాయి. విమానంలో వచ్చేటప్పుడు మన పెద్దవాళ్లు కిటికీలోంచి చూసి ఏమిటని అడిగే పచ్చటి గుండ్రాలు ఇవే. ఈ ప్రాంతంలో వాన నుంచి భూమిలోకి తిరిగి చేరే నీరు ఏడాదికి అంగుళం కూడా ఉండదు. తోడేది మాత్రం దానికి ఎన్నో రెట్లు. ఫలితంగా కొన్నిచోట్ల సగానికి పైగా నీరు ఇప్పటికే అయిపోయింది; పివట్లు విప్పేసి మళ్లీ మెట్ట సేద్యానికి మళ్లిన రైతులున్నారు.

షెరిడన్ కౌంటీలోని హాక్సీ అనే ఊళ్లో మధ్యాహ్నం కాఫీకి ఆగినప్పుడు, పక్క బల్ల దగ్గరున్న ఒక పెద్ద వయసు రైతు నాన్న పంచెకట్టు చూసి పలకరించాడు. నాన్న కూడా రైతేనని తెలియగానే ఆయన తన కుర్చీ మా బల్ల దగ్గరికి జరుపుకున్నాడు. ఆ తర్వాత గంటకు పైగా నేను దుభాషిని మాత్రమే. మీ బోరు లోతెంత అన్నది ఆయన మొదటి ప్రశ్న. ఆరు వందల అడుగుల నుంచి వెయ్యి దాకా అని నాన్న చెబితే, ఆ అంకెను నేను తప్పుగా అనువదించానేమోనని మళ్లీ అడిగాడు. ఆయన బోర్లు మూడు వందల అడుగుల లోపే. మీ పొలమెంత అని నాన్న అడిగితే వచ్చిన జవాబు విని ఈసారి నాన్న నన్ను మళ్లీ అడగమన్నారు.

ఆయన మమ్మల్ని తన పొలానికి తీసుకెళ్లాడు. జొన్న కోతకు వచ్చింది. నడుమెత్తు కూడా లేని పొట్టి మొక్కలు, పిడికిలంత ఎర్రటి కంకులు, కనుచూపు మేర ఒకటే జొన్న. అమెరికాలో జొన్న అన్నిటికంటే ఎక్కువగా పండేది ఈ రాష్ట్రంలోనే. నాన్న ఒక కంకిని అరచేతిలో నులిమి, పొట్టు ఊది, రెండు గింజలు నోట్లో వేసుకుని కొరికి చూశారు. చొప్ప ఏం చేస్తారని అడిగారు. కోత యంత్రం కంకి వరకే కోస్తుందని, మిగిలిన మోళ్లలోకి పశువులను వదులుతామని, గింజ పశువుల దాణాకూ ఇథనాల్‌కూ పోతుందని ఆ రైతు చెప్పాడు. మరి తినరా అన్నది నాన్న ప్రశ్న. ఎవరూ తినరని జవాబు. అమ్మ మారుమాట్లాడకుండా కారు దగ్గరికి వెళ్లి, ప్రయాణానికని తెచ్చిన జొన్నరొట్టె, వేరుశనగల పొడి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. జీవితమంతా జొన్న పండించిన ఆ మనిషి పొలం గట్టున నిలబడి తొలిసారి జొన్న తిన్నాడు. రొట్టె అంచు నుంచి కొద్దికొద్దిగా తుంచి పూర్తిగా తిని, ఇంట్లో తన భార్యకు చూపించడానికి ఇంకొకటి ఇవ్వగలరా అని అడిగాడు.

అక్కడే బోరు గొట్టానికి బిగించిన నీటి మీటరును ఆయన నాన్నకు చూపించాడు. కాన్సాస్‌లో 1945 చట్టం ప్రకారం సాగునీరు తోడుకోవడానికి ప్రభుత్వ అనుమతి కావాలి. వాడిన నీటి లెక్కను ఏటా సమర్పించాలి. ప్రతి జనవరిలో రాష్ట్ర భూగర్భ సర్వే సంస్థ, జలవనరుల విభాగం కలిసి సుమారు 1,400 బావుల్లో నీటి మట్టం కొలిచి, ఆ అంకెలను అందరికీ అందుబాటులో ఉంచుతాయి. ఇవన్నీ ఉన్నా నీళ్లు తగ్గుతూనే వచ్చాయి. అందుకని 2012లో చట్టం మార్చి, ఒక ప్రాంతపు రైతులే కూర్చుని తమ వాడకానికి తామే పరిమితి పెట్టుకుంటే దానికి చట్టబలం ఇచ్చే వీలు కల్పించారు. మొట్టమొదట ముందుకొచ్చింది ఈ షెరిడన్, థామస్ కౌంటీల్లో దాదాపు 99 చదరపు మైళ్ల పరిధిలోని రైతులే. వాడకాన్ని ఐదోవంతు తగ్గించాలని, ఐదేళ్లకు కలిపి ఎకరాకు 55 అంగుళాలకు మించి తోడకూడదని తీర్మానించుకుని 2013 నుంచి అమలు చేశారు. వానలు బాగా పడిన ఏడాది మిగిల్చుకున్న నీటిని ఎండిన ఏడాది వాడుకోవచ్చు. గడువు ముగిసేసరికి అనుకున్నదానికంటే ఎక్కువే తగ్గించారు. దిగుబడి కొద్దిగా తగ్గినా విత్తనం, ఎరువు, కరెంటు ఖర్చు తగ్గి లాభం దెబ్బతినలేదు. నీటి మట్టం పడిపోయే వేగం స్పష్టంగా తగ్గింది. 2018లో వాళ్లే మళ్లీ కొనసాగించారు. ఇరుగుపొరుగుల మధ్య మాటామాటా పెరిగిన సమావేశాలు ఉన్నాయని, కొన్నాళ్లు చర్చిలో పలకరించుకోని వారు కూడా ఉన్నారని ఆ రైతు దాచకుండా చెప్పాడు.

దీన్ని నేను విదేశీ గొప్పగా చెప్పడం లేదు, ఎందుకంటే ఇదే పని మన దగ్గర ఇంతకంటే ముందే జరిగింది. 2003 ప్రాంతంలో మొదలై, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో కొన్నేళ్లు నడిచిన ‘రైతుల యాజమాన్యంలో భూగర్భజల వ్యవస్థలు’ అనే కార్యక్రమంలో అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో వందలాది గ్రామాల రైతులు తామే వాన కొలిచారు, బోర్లలో మట్టం కొలిచారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీరెంత, ఏ పంటకు ఎంత కావాలని పంట నీటి బడ్జెట్ వేసుకున్నారు. చట్టం బెదిరించలేదు, పరిమితి ఎవరూ విధించలేదు. లెక్క కళ్లముందు ఉండడం వల్లనే చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. ఎకరాలు వేలల్లో ఉన్న కాన్సాస్ రైతు పదేళ్ల తర్వాత చేరుకున్న ఆలోచనకు ఐదెకరాల అనంతపురం రైతు ముందే చేరుకున్నాడు. నిధులు ఆగిపోయాక ఆ పనిని పట్టించుకున్నవారు తక్కువ. మనకు 2002 నుంచి నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది. అది కాగితం దాటి ఎంత అమలవుతోందో బోరు లారీల చప్పుడు వినే ప్రతి రైతుకూ తెలుసు. హాక్సీ నుంచి బయల్దేరాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, వాళ్లకు మీటరుంది గాని మనకు ఊరు మిగిలి ఉంది, కూర్చోబెడితే మనమే సులువుగా తేల్చుకోగలం అన్నారు. నేను ఆయనతో ఏకీభవిస్తున్నాను.

ఊరు మిగలడం అన్నది ఆయన ఊరికే అన్న మాట కాదు. తిరుగు ప్రయాణంలో చూసిన ఊళ్లు చాలావరకు ఖాళీ అవుతున్నవే. 24వ నంబరు రహదారి మీదే నికోడెమస్ ఉంది. బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతి కుటుంబాలు కెంటకీ నుంచి వచ్చి 1877లో స్థాపించుకున్న ఊరది. తొలి చలికాలం నేలలో తవ్వుకున్న బొరియల్లాంటి ఇళ్లలో గడిపారు; బడి కట్టారు, చర్చిలు కట్టారు. 1888లో రైలు మార్గం ఊరిని తప్పించి వెళ్లడంతో వ్యాపారాలు తరలిపోయాయి. ఇప్పుడు అది జాతీయ చారిత్రక స్థలం. నివాసం ఉంటున్నవారు కొద్దిమందే. ఇంకొంచెం తూర్పున, 1900లో 19 వేలకు పైగా జనాభా ఉన్న జ్యుయెల్ కౌంటీలో 2020 జనగణన నాటికి మూడు వేల లోపు మిగిలారు. యంత్రాలు పెరిగి కమతాలు పెద్దవైన కొద్దీ మనుషులు తగ్గారు, మనుషులు తగ్గిన కొద్దీ బడులు మూతపడ్డాయి. మన పల్లెల నుంచి బెంగళూరుకో హైదరాబాద్‌కో పోయే వలసకు కారణాలు వేరు. కానీ పిల్లలు లేక మూసిన బడి తలుపు ఎక్కడైనా ఒకేలా ఉంటుంది. ఇలాంటి కౌంటీల్లో వచ్చి స్థిరపడేవారికి 2011లో రాష్ట్రం ఆదాయ పన్ను మినహాయింపు, చదువు అప్పు తీర్చడంలో సాయం ప్రకటించింది. చిన్న ఆస్పత్రులకు వైద్యులు దొరకని చోట్ల, 1994లో వచ్చిన వీసా సడలింపు పథకం కింద మూడేళ్లు పనిచేసే విదేశీ వైద్యుల్లో మన తెలుగువారూ ఉన్నారు. వారి గురించి మన పత్రికల్లో రాయడం నేనెక్కడా చూడలేదు.

ఇక భయం సంగతి. 2017 ఫిబ్రవరిలో మా ఊరి పక్కనే ఉన్న ఒలేతాలో మన తెలుగు ఇంజనీరు ఒకరు విద్వేషానికి బలైన తర్వాత, ఈ ప్రాంతపు తెలుగువారిలో తెలియని ఊళ్లకు పెద్దవాళ్లను తీసుకెళ్లాలంటే జంకు ఉంది. ఆ భయం నిరాధారమని నేను అనను. అయితే ఆ ఘటన జరిగింది పల్లెలో కాదు, నగర శివారులో అన్నది ఒకటి. అడ్డుపడబోయి తూటా దెబ్బ తిన్నవాడూ ఇక్కడి తెల్ల యువకుడే అన్నది రెండు. మేము వెళ్లిన దారిలో ఎదురొచ్చిన ప్రతి పికప్ ట్రక్కు డ్రైవరు స్టీరింగు మీద నుంచి ఒక వేలు ఎత్తి పలకరించాడు. మొదటి రోజు మధ్యాహ్నానికే నాన్న తిరిగి చెయ్యెత్తడం అలవాటు చేసుకున్నారు. చీకటి పడకముందే బస చేరుకోవడం, ఎవరి పొలంలోకైనా అడగకుండా అడుగుపెట్టకపోవడం అనే రెండు నియమాలు పాటిస్తే చాలని మా అనుభవం.

వెళ్లదలచినవారికి మరికొన్ని సూచనలు. సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు నెలాఖరు దాకా అనువైన కాలం. జొన్న, పొద్దుతిరుగుడు కోతలు చూడవచ్చు. గోధుమ కోత చూడాలంటే జూన్ రెండో సగంలో వెళ్లాలి, కానీ టోర్నడోల హెచ్చరికలను ఎప్పటికప్పుడు గమనించుకోవాలి. పెట్రోలు ట్యాంకు సగానికి తగ్గనివ్వకూడదు. ఆదివారం చిన్న ఊళ్లలో హోటళ్లు చాలావరకు తెరవరు గనుక పులిహోర, పెరుగు, ఒక చిన్న రైస్ కుక్కరు వెంట ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, పెద్దవాళ్లను వెనక సీట్లో కాకుండా ముందు కూర్చోబెట్టండి.

మీ పత్రికకు నా విన్నపాలు రెండు. ప్రయాణ పేజీల్లో ఈ మైదానాలకు, ఇక్కడి రైతులకు చోటివ్వండి. మీకు అమెరికా నుంచి రాసేవారికి ఆ మాట చెప్పండి. రెండోది నాన్న కోరిక. కాన్సాస్ చిన్న ఊళ్ల వారపత్రికల్లో వాన అంగుళాలు, ధాన్యం ధరలు అచ్చవుతుంటాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ భూగర్భజల శాఖలు పీజోమీటర్లతో నీటి మట్టాలను నమోదు చేస్తూనే ఉన్నాయి. ఆ అంకెలను మండలాల వారీగా, కిందటి ఏడాది అదే నెలతో పోల్చి, నెలకొకసారి మీ జిల్లా సంచికల్లో పట్టికగా వేయండి. రబీ విత్తనం పడకముందే అది మొదలైతే, ఈ ఏడాది ఇంకో బోరు వేయించాలా మానాలా అని లెక్కలు వేసుకుంటున్న రైతు చేతికి సమయానికి అందుతుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఓవర్‌ల్యాండ్ పార్క్, కాన్సాస్.